అన్నిటికీ అవును

ముందే చెప్పేస్తున్నాను, తర్వాత నన్ననకండి. ఒకే ఒక్క నొక్కుతో, ఎప్పుడో చచ్చిపోయిన మా తాతకు రెండో పెళ్ళి చేసి, బతికున్న మా అవ్వకు సవతిని తెచ్చి, నేను పెళ్ళాడాలనుకున్న పిల్లను నాకే చెల్లెల్ని చేసుకున్న మహానుభావుణ్ణి నేను. మా అనంతపురానికి కరువు కొత్తేమీ కాదు గానీ, తెలివికి కూడా అంత కరువు వస్తుందని ఆ ఏడే తెలిసింది. ఎవడు తీసిన గోతిలో వాడే పడతాడంటారు. నేనైతే గోతిని రంగుల్లో ప్రింటు తీయించి, బంధువులందరినీ పిలిపించి, వాళ్ళు కూర్చున్నాక మరీ పడ్డాను.

నా పేరు కదిరప్ప. ఇది మా తాత పేరు. తాత పేరు మనవడికి పెట్టడం మా వైపు ఆచారం. పెట్టాక ఆ పేరుతో పిలవకపోవడం ఇంకా పెద్ద ఆచారం. మామగారి పేరు నోట అనకూడదని మా అమ్మ నన్ను ‘అబ్బోడా’ అనేది. మొగుడి పేరు అనకూడదని మా అవ్వ ఏకంగా ‘మొగుడా’ అనేది. “ఏం మొగుడా, సంగటి తింటివా?” అని అవ్వ నడివీధిలో కేకేస్తే, ఊరికి కొత్తగా వచ్చినవాళ్ళు ఆమెనూ నన్నూ మార్చి మార్చి చూసేవారు.

“మీ తాతే రా, నీ రూపంలో మళ్ళీ పుట్టినాడు” అనేది అవ్వ. “ఆ మంచం మీద ఎల్లకిలా పడుకునేది, ఆ ఆకాశం దిక్కు చూసేది, పిలిస్తే పలకంది, అంతా ఆయప్పే.”

ఆకాశం దిక్కు చూసే మాట నిజమే. మా ఊరు బెళుగుప్ప దగ్గర. అక్కడ మబ్బులు మా స్టాపులో ఆగని బస్సుల్లాంటివి. నీడ మాత్రం పడేసి, కన్నడదేశం వైపు వెళ్ళిపోతాయి. ఆ నీడ చేను మీదుగా జరుగుతుంటే చూస్తూ పడుకోవడం కంటే సుఖమైన పని నాకు ఇప్పటికీ తెలియదు. ఈ గుణమే నా కొంప ముంచింది, ఎలాగో చెబుతాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, డిగ్రీ సెకండ్ క్లాసులో గట్టెక్కి, అనంతపురంలో కంప్యూటర్ కోర్సులో చేరాను. అక్కడే నాగవేణి కనబడింది. గోరంట్ల పిల్ల. మా సీమలో ఆడపిల్లలకు కండక్టరు అన్న, పాలవాడు అన్న, దారి అడిగితే చెప్పినవాడూ అన్నే. మా క్లాసులో మగపిల్లలందరూ ఆమెకు అన్నలే. నన్ను మాత్రం ‘ఇదిగో’ అనేది. “ఇదిగో, ఫ్లాపీ ఉండాదా?” అంతే. ఆ ‘ఇదిగో’ను పట్టుకుని నేను ఆ వేసవంతా ఎండ తగలకుండా బతికాను.

చివరికి ఇంట్లో చెప్పాను. మా నాయన ఓబులేసు కబురు పంపితే, వేణి వాళ్ళ నాయన నరసింహులు గోరంట్లలో కిరాణా అంగడి మూసి మా ఊరొచ్చాడు. కాఫీ తాగాడు. నన్ను కిందనుంచి మీదికి చూశాడు. గ్లాసు కింద పెట్టి అసలు మాట ఎత్తాడు.

“పిల్లోడు బాగుండాడు, కాదనను. కానీ ఒగ చిక్కుండాది. మీ నాయన పేరు కదిరప్ప. మా నాయన పేరూ కదిరప్పే.”

“కదిరి నరసింహసామి పేరు. మన దిక్కు ఊరికి పదిమంది కదిరప్పలు” అన్నాడు మా నాయన.

“అది సరే. నేను కడుపులో ఉండంగానే మా నాయన పోయినాడు. మేనమామలు సాకినారు, వాళ్ళ ఇంటిపేరే పెట్టినారు. మా నాయన యా ఊరోడో, యా వంశమోడో నాకు తెల్దు. ఎద్దులబండి మీద చింతపండు అమ్ముకుంటా వచ్చినాడంట, ఈడ పెండ్లి చేసుకున్నాడంట, అంతే. వరస తెలీకుండా పిల్లనెట్లిస్తానప్పా? రేపు అన్నాచెల్లెండ్లని తేలితే మొగం యాడ పెట్టుకునేది?”

మా అమ్మ గ్లాసు తీయబోయి మా నాయన వైపు చూసింది. ఎందుకంటే మా తాత కూడా చింతపండే. ఏటా మూడు నెలలు బండి కట్టుకుని తిరిగేవాడు. అయినా ఇద్దరూ ఒకరే అయ్యే మాట ఎవరికీ తోచలేదు, నాకసలే తోచలేదు. నాకు తోచిందల్లా వేణి ముందు గొప్పవాణ్ణి కావడానికి మంచి అవకాశం దొరికిందని.

“మామా, మీ నాయన వంశం నేను తీస్తా, కంప్యూటర్లో” అన్నాను.

“కంప్యూటర్‌కు మా నాయన ఎట్ల తెలుసప్పా?”

“అన్నీ వెతికి కలుపుతాది మామా. మనుషులు తప్పు చెప్తారు గానీ కంప్యూటర్ తప్పు చెప్పదు.”

ఈ ముక్క గుర్తుపెట్టుకోండి. నన్ను కొట్టడానికి ఊరంతా వాడిన కట్టె ఇదే.

నరసింహులు మామ తుండు దులిపి భుజాన వేసుకున్నాడు. లేస్తూ లేస్తూ, “దేవర నాటికి తేల్చు. తేలితే ఆ పొద్దే తాంబూలాలు” అన్నాడు. వాకిలి దాటి మళ్ళీ వెనక్కి తిరిగి, “వరస కలవకపోయినా... మా నాయన ఎవురో తెలిస్తే చాలప్పా నాకు” అని, తల వంచుకుని చెప్పులేసుకున్నాడు. ఆ మాటకు నేను బస్సు దాకా ఆయన సంచి మోశాను. కానీ ఆ వయసులో వేణి వాళ్ళింటి సంచి ఏదైనా మోసేవాణ్ణి.

దేవర అంటే మా ఊరి అమ్మవారి జాతర. కొన్నేళ్ళకోసారి వస్తుంది, వస్తే చుట్టాలందరూ దిగుతారు. దానికింకా అయిదారు నెలలుంది. అనంతపురం టవర్ క్లాక్ దగ్గర మస్తానన్న నెట్ సెంటర్ పెట్టుకుని తెలుగు డీటీపీ కూడా చేసేవాడు. ఆయన దగ్గర చేరిపోయాను. వంశవృక్షాలు గీసే ప్రోగ్రాం ఒకటి ఉచితంగా దొరుకుతుందని ఆయనే చెప్పాడు. అది నెట్‌లోంచి దిగడానికి ఒక పగలంతా పట్టింది. మోడెం కూతపెట్టి, గీపెట్టి, ఆగిపోయి, మళ్ళీ కూతపెట్టేది. ఆ కూత వింటూ నేను కళ్ళు మూసుకుంటే చాలు, బండ్లు కట్టుకుని కదిరప్పలందరూ వరసగా కొండ దిగి వస్తున్నట్టుండేది.

“అన్నా, నిద్రపోతాండావా?” అనేవాడు మస్తానన్న.

“లేదన్నా, పరిశోధన.”

టేప్ రికార్డరు అరువు తెచ్చి అవ్వ ముందు పెట్టాను. ఒకరోజు చెప్పింది మరోరోజు వినిపిస్తే, “ఎవతె అది? అట్ల కాదు. అబద్ధాలు చెప్తాండాది” అని తన గొంతుతోనే తగవు పడింది. పాత ఫొటోలు స్కాన్ చేశాను. నెట్‌లో ఒక గుంపులో చేరి, ‘చింతపండు బండితో గోరంట్ల వైపు వెళ్ళి తిరిగిరాని కదిరప్ప ఎవరికైనా తెలుసా?’ అని రాశాను. చాలా రోజులు ఎవరూ పలకలేదు. మాకు ఎదురుచూపులు అలవాటే కదా, వానకు చూసే మొగంతోనే దానికీ చూశాను.

ఒక మధ్యాహ్నం జవాబొచ్చింది. గుత్తి నుంచి. రాసింది రైల్వేలో రిటైరైన హనుమంతు అనే పెద్దాయన కొడుకు. ‘మా నాయన చిన్నాయన ఒకాయన అట్లే పోయినాడంట, వచ్చి మాట్లాడండి’ అని. మర్నాడే రైలెక్కాను. కోట కొండ కింద చిన్న ఇల్లు. హనుమంతు పెద్దాయన నన్ను మంచం మీద కూర్చోబెట్టి చెప్పాడు.

“మా చిన్నాయన కదిరప్ప. గోరంట్లలో పెండ్లి చేసుకున్నాడని ఒగసారి కబురొచ్చినాది. మళ్ళా జ్వరమొచ్చి పోయినాడని ఇంగొకసారి. పెండ్లాం పేరు లక్ష్మమ్మ. బిడ్డ పుట్టిన సంగతి మాకు తెల్దు నాయనా. ఉండాడా, బిడ్డ?”

“ఉండాడు. దేవరకు రాండి, చూద్దురు.”

లక్ష్మమ్మ వేణి వాళ్ళ నాయనమ్మ పేరే. అంటే రెండు వంశాలు వేరువేరు! వేణి నాకు చక్కగా మరదలి వరస! సాయంత్రం గుత్తి స్టేషన్లో కూర్చుంటే, కోట మీద ఎండ ఎర్రగా పడి, ఆ కొండ వెనకనుంచి ఒక బండి దక్షిణంగా కదిలిపోతున్నట్టే అనిపించింది. ఎక్కాల్సిన రైలు నా ముందే వచ్చి నా ముందే వెళ్ళిపోయింది. తర్వాతది ఎక్కాను.

ఇక్కడ నేను మనిషినై ఉంటే ఏం చేయాలి? పరుగెత్తి నరసింహులు మామకు చెప్పాలి. చెప్పలేదు. దేవర నాడు వంశవృక్షమున్న ఫ్లెక్సీని అందరి ముందు విప్పి, హనుమంతు పెద్దాయనను పక్కన నిలబెట్టి, వేణి కళ్ళు పెద్దవవుతుంటే చూడాలని ఎవరికీ చెప్పకుండా దాచాను. కూడు ఉడికేదాకా ఓపిక పట్టినవాడు చల్లారేదాకా పట్టలేడంటారు. నేను ఉడికిన కూడును తెచ్చి మళ్ళీ పొయ్యి మీద పెట్టాను.

మస్తానన్న దగ్గర కూర్చుని అందరినీ గళ్ళలోకి ఎక్కించాను. ప్రతి మనిషికీ ఒక గడి. కింద చిన్న అక్షరాల్లో పుట్టిన చోటు, చదువు, వృత్తి, ఇష్టాలు. నా గడిలో ఇష్టాలు దగ్గర, ఎవరు చూస్తారులే అని, ‘నాగవేణి’ అని కొట్టాను. అది తెర మీద మినుకుమినుకుమంటుంటే గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూర్చున్నాను.

“తొందరగా కానీన్నా, ఆరుకు కరెంటు పోతాది” అన్నాడు మస్తానన్న.

సేవ్ చేయబోతే తెర మీద ఒక ప్రశ్న లేచింది. ఇంగ్లీషులో. దాని సారాంశం: కదిరప్ప పేరుతో ఒకరికంటే ఎక్కువమంది ఉన్నారు, వీళ్ళంతా ఒక్కరేనా, కలిపేయమంటావా?

ఇంకెవరైనా అయితే కాదని నొక్కేవారు. కానీ నేను పుట్టినప్పటినుంచి అవ్వ మాట విన్నవాణ్ణి. తాతే మళ్ళీ పుట్టినాడు. కిటికీలోంచి సాయంత్రపు గాలి వచ్చింది, ఎక్కడో వాన పడ్డ మట్టి వాసన మోసుకొచ్చింది. నిజమే కదా, తాతా నేనూ ఒక్కరమే కదా అనుకున్నాను. ఆయన చూసిన మబ్బునే నేనూ చూస్తున్నాను కదా. ఈ ముక్క కంప్యూటర్‌కు కూడా తెలిసిపోయిందే అని కళ్ళు చెమర్చాయి కూడా. కింద ‘అవును’, ‘కాదు’, ‘అన్నిటికీ అవును’ అని మూడున్నాయి. మనసు నిండి ఉంది కాబట్టి మూడోది నొక్కాను. గోరంట్ల కదిరప్ప కూడా ఆ వరసలోనే ఉన్నాడన్న సంగతి నాకు గుర్తే లేదు.

“చదివే నొక్కినావాన్నా?”

“చదివినా అన్నా.”

కరెంటు పోయింది. మర్నాడు మస్తానన్న అంతా తెలుగులోకి మార్చి ఫ్లెక్సీకి పంపాడు. ఉన్నది ఉన్నట్టు కొట్టడం ఆయన వ్రతం, అక్షరం వదలడు. అది చుట్టగా చుట్టి వస్తే, ముందే విప్పితే దృష్టి తగులుతుందని నేనూ విప్పలేదు.

దేవర వచ్చింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక అనంతపురం నుంచి వచ్చిన మస్తానన్న చేత ఇంటి ముందు రెండు వేపచెట్లకు ఫ్లెక్సీని చుట్ట విప్పకుండానే కట్టించాను. ముందు వరసలో అవ్వ. ఆమె పక్కన నరసింహులు మామ, కొత్త పంచెతో, వేణిని వెంటబెట్టుకుని. తాంబూలం పళ్ళెం మా అమ్మ ఒళ్ళో సిద్ధంగా ఉంది. హనుమంతు పెద్దాయన రైలు ఆలస్యం, ఇంకా రాలేదు. ఆగవచ్చు కదా? ఆగలేదు. తాడు లాగాను.

పైన పెద్ద గడి. కదిరప్ప. భార్యలు: నరసమ్మ, లక్ష్మమ్మ. కింద రెండు కొమ్మలు. ఒక కొమ్మకు ఓబులేసు, ఇంకో కొమ్మకు నరసింహులు.

నరసింహులు మామ లేచి దగ్గరికెళ్ళి చదివాడు. మళ్ళీ చదివాడు. వేలు పెట్టి ఒక కొమ్మ మీదనుంచి పైకెక్కి, ఇంకో కొమ్మ మీదుగా దిగాడు.

“ఓబులేసన్నా” అన్నాడు. “మన ఇద్దరికీ ఒగే నాయనంట.”

నరసమ్మ మా అవ్వ. ఆమెకు చదువు రాదు గానీ ఈ మాటకు చదువక్కర్లేదు. చేతికర్ర తీసుకుని లేచింది.

“ఏమంటివి? మూడు నెల్లు చింతపండుకు పోతాండా అని చెప్పి, ఆడ ఇంగొక సంసారమా! సచ్చి తప్పించుకున్నావు, లేకుంటే ఈ పొద్దు ఉండేది నీకు!” అని ఆకాశం దిక్కు చూసింది. ఆకాశం అందదు కదా, నా వైపు తిరిగింది. “నువ్వే గదరా ఆయన! చెప్పు, ఎవతె ఆ లక్ష్మమ్మ?”

కర్ర వీపు మీద పడింది. మా తాత చేయని తప్పుకు నేను తిన్న దెబ్బలు అవి.

“అవ్వా, తప్పుపడినాది! వాళ్ళు వేరే, వీళ్ళు వేరే! గుత్తిలో...”

“తప్పెట్ల పడ్తాదిరా?” అన్నాడు మా నాయన. “నువ్వే అంటివే, మనుషులు తప్పు చెప్తారు గానీ కంప్యూటర్ తప్పు చెప్పదని.”

“ఇప్పుడు పిల్ల కోసం అబద్ధం చెప్తాండాడు, పాపం” అని వెనకనుంచి ఎవరో జాలిపడ్డారు.

ఇదంతా నరసింహులు మామ వినడం లేదు. మా నాయనను పట్టుకుని చంటిపిల్లాడిలా ఏడుస్తున్నాడు. “పుట్టినకాడ నుంచి ఒంటిగాణ్ణి అన్నా. ఎవురన్నా ఉండారా అని ఎంత ఎతుక్కున్నానో. ఇంతకాలం యాడున్నావన్నా?” మా నాయన కూడా ఏడ్చాడు. తోడబుట్టినవాళ్ళు లేనివాడు, తమ్ముడు దొరికితే వదులుతాడా? అమ్మ తాంబూలం పళ్ళెం మెల్లగా లోపలికి తీసుకుపోయింది. అది వెళ్తుంటే నా ప్రాణం దాని వెనకే పోయింది.

మామ కళ్ళు తుడుచుకుని నా భుజం మీద చెయ్యి వేశాడు. “పెండ్లి మాట ఇంగ మరిచిపో నాయనా. నువ్వు నా కొడుకువి. వేణీ, ఇట్ల రా. అన్నకు నీళ్ళియ్యి, దెబ్బలు తిన్నాడు.”

అన్నకు! ఆ ఒక్క మాట కోసమా నేను రైళ్ళు ఎక్కింది? భూమి చీలితే బాగుండుననుకున్నాను. మా భూమి ఎండకు ఎలాగూ చీలే ఉంటుంది, దూరాలనుకుంటే చోటు కరువు లేదు.

వేణి చెంబు పట్టుకుని వచ్చింది. నన్ను దాటుకుని నేరుగా ఫ్లెక్సీ దగ్గరికి పోయింది. ముక్కు ఆనేంత దగ్గరగా నిలబడి పైన పెద్ద గడి కింది చిన్న అక్షరాలు చదివింది. ఒక చోట ఆగింది. చెవుల దాకా ఎర్రబడింది. అరచెయ్యి ఎత్తి ఆ చోటు మీద ఆనించి, తీయకుండా, మా వైపు తిరిగింది.

“అవ్వా, తాత యాడ పుట్టినాడు?”

“ఈ ఇంట్లోనే. ఆ మూల గదిలో.”

“ఈడేమో అనంతపురం పెద్దాసుపత్రి అని ఉండాది. మరి తాత ఏం చదివినాడు?”

“ఏలిముద్రగాడు.”

“బి.కాం. అంట. సెకండ్ క్లాస్.” ఆమె గొంతులో నవ్వు ఉబుకుతోంది. “అంతేకాదు, కంప్యూటర్ కోర్సు గూడా చేసినాడు. ఇదిగో, ఓబులేసు మామ కింద నీ గడి యాడ?”

‘ఇదిగో’ అంది! అన్నా అనలేదు! నేను అప్పుడు చూశాను. మా నాయన కొమ్మ కింద ఖాళీ. మా అమ్మానాన్నలకు పిల్లలే లేరు. నేను పైకెక్కి, తాతలో కలిసిపోయి, మా అవ్వకు మొగుణ్ణై కూర్చున్నాను.

జరిగిందంతా చెప్పేశాను. గాలి, మట్టి వాసన, అన్నిటికీ అవును. మొదట మస్తానన్న నవ్వాడు. తర్వాత దేవరకు వచ్చిన జనమంతా. అవ్వకు అర్థం కావడానికి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. అర్థమయ్యాక కర్ర పారేసి చంకలు గుద్దుకుంది. “నేను మొదట్నుంచీ అంటాండ్లేదా, వీడు నా మొగుడని! మీరు నవ్వితిరి. ఇప్పుడు కంప్యూటర్ గూడా ఒప్పుకున్నాది!”

నవ్వనిది ఒక్క నరసింహులు మామ. “అయితే నాకు అన్న లేడా?” అన్నాడు చిన్నగా. అంత సిగ్గు నాకు దెబ్బలు తిన్నప్పుడు కూడా వేయలేదు.

సరిగ్గా అప్పుడే వీధి చివర ఆటో ఆగింది. సంచి పట్టుకుని హనుమంతు పెద్దాయన దిగాడు. జనంలోకి వచ్చి, ఎవరూ చూపించకుండానే మామ ముందు నిలబడి, తేరిపార చూశాడు.

“అదే నొసలు, మా చిన్నాయనదే” అన్నాడు. “నేను నీకు పెదనాయన కొడుకునప్పా. అన్నను. గుత్తిలో ఇంగా పదిమంది ఉండారు నీకు.”

మామ ఈసారి ఏడవలేదు. ఆయన చెయ్యి పట్టుకుని, పోతాడేమోనన్నట్టు, సాయంత్రం దాకా వదల్లేదు.

అమ్మ తాంబూలం పళ్ళెం మళ్ళీ బయటికి తెచ్చింది. అవ్వ దాన్ని లాక్కుని వేణి ముందు నిలబడింది. “మొదటి పెండ్లాం ఒప్పుకోకుంటే రెండో పెండ్లి చెల్లదు. నేను ఒప్పుకుంటాండా. రావే సవతీ, ఆ చెయ్యి తియ్యి, తాంబూలం పట్టు.”

“చెయ్యి తియ్యలేనవ్వా” అంది వేణి. ఎడమ చెయ్యి ఫ్లెక్సీ మీదే ఉంచి, కుడిచేత్తో తీసుకుంది.

పెళ్ళయి గుమ్మం దగ్గరికొస్తే మా చుట్టాల ఆడపిల్లలు దారికి అడ్డం నిలిచి మొగుడి పేరు చెప్పమన్నారు. వేణి తడుముకోలేదు. “ఈ వంశానికి మూలపురుషుడు, బి.కాం. సెకండ్ క్లాస్, కదిరప్పతో వచ్చినాను. దారియ్యండి!” ఆ ఇంట్లో ఆ పేరు అంత గట్టిగా వినబడటం అదే మొదలు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కొత్తపెళ్ళికూతురిలా లోపలికి వెళ్ళిపోయింది.

ఆ ఫ్లెక్సీని ఇప్పుడు వేరుశనగ కాయల మీద కప్పుతున్నాం. దానిలో పైగడి కింద చిన్న కన్నం ఉంది. ఎలుక కొరికిందంటుంది వేణి. కత్తెరతో కత్తిరించినంత నాలుగుపలకలుగా కొరికే ఎలుకను నేనింతవరకు చూడలేదు.

అందుచేత, కదిరి నరసింహస్వామి సాక్షిగా, మా తాత సాక్షిగా, అంటే నా సాక్షిగానే, ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో ఏ కంప్యూటర్ ఎంత ముద్దుగా అడిగినా ‘అన్నిటికీ అవును’ నొక్కను. ఇంట్లో మాట వేరు. మా ఇంట్లో నాకిచ్చింది ఆ ఒక్క బటనే.